ఇంటి ఫోటోలు, దస్తావేజులు దశాబ్దాల పాటు నిలవాలంటే ఏ డిస్కులు కొనాలి?

కృష్ణాతీరం (విజయవాడ):

అందరికీ నమస్కారం. మా ఇంట్లో ఉన్న పాత ఫోటోలను, తాతగారి కాలం నాటి పొలం దస్తావేజులను స్కాన్ చేయించి, మినీ డీవీ క్యాసెట్లలో ఉన్న పెళ్ళి వీడియోలను కంప్యూటర్‌లోకి ఎక్కించే పని ఈ మధ్యనే పూర్తయింది. అంతా కలిపి 600 జీబీ దాకా వచ్చింది. అందులో పోతే మళ్ళీ దొరకనివి, అంటే దస్తావేజులు, ఎంపిక చేసిన ఫోటోలు, రెండు మూడు వీడియోలు మాత్రం 150 జీబీకి మించవు. ఇవన్నీ ప్రస్తుతం ఒక ఎక్స్‌టర్నల్ హార్డ్‌డిస్కులో ఉన్నాయి, కొంత భాగం క్లౌడ్‌లో కూడా ఉంది. ఆ 150 జీబీని డిస్కుల మీద రాసి మరొక నకలుగా ఉంచుకోవాలని నా ఆలోచన.

బీసెంట్ రోడ్డు చుట్టుపక్కల దుకాణాల్లో అడిగితే, పేరు ఎప్పుడూ వినని కంపెనీ డీవీడీలను యాభై డిస్కుల డబ్బాగా చాలా తక్కువ ధరకు చూపిస్తున్నారు. ఆన్‌లైన్‌లో బ్లూ-రే డిస్కులు దొరుకుతున్నాయి కానీ ధర ఎక్కువ, ఎం-డిస్క్ అని రాసి ఉన్నవాటి ధర ఇంకా ఎక్కువ. ఖర్చు అదుపులో ఉండాలి, పాతికేళ్ళ తరువాత మా పిల్లలు తెరిచినా చదవగలగాలి. డీవీడీ కొనాలా, బ్లూ-రే కొనాలా? ఏ కంపెనీవి నమ్మవచ్చు? అనుభవం ఉన్నవారు చెప్పగలరు.

గ్రంథాలయ_సేవకుడు (హైదరాబాద్):

కృష్ణాతీరం గారూ, మీరు అడిగిన రెండు ప్రశ్నల్లో కంపెనీ సంగతి ముందుగా తేల్చుకోవాలి, ఎందుకంటే డబ్బా మీద ఉన్న పేరుకూ, లోపలి డిస్కును తయారు చేసిన ఫ్యాక్టరీకీ చాలా సందర్భాల్లో సంబంధం ఉండదు. ఒకే బ్రాండు డిస్కులు ఈ ఏడాది ఒక ఫ్యాక్టరీ నుంచి, వచ్చే ఏడాది మరొక ఫ్యాక్టరీ నుంచి రావచ్చు. అసలు తయారీదారు ఎవరన్నది డిస్కులో ముందే ముద్రించి ఉండే మీడియా కోడ్ ద్వారా తెలుస్తుంది. ఖాళీ డిస్కును డ్రైవ్‌లో పెట్టి ఇమ్‌గ్‌బర్న్ వంటి ఉచిత సాఫ్ట్‌వేర్‌ను తెరిస్తే కుడివైపు ఆ కోడ్ కనబడుతుంది. ఎంసీసీ అని మొదలైతే మిత్సుబిషి కెమికల్ సాంకేతికత, యుడెన్ అని ఉంటే జపాన్‌కు చెందిన తైయో యుడెన్, సీఎంసీ మ్యాగ్ అంటే తైవాన్‌లోని సీఎంసీ మ్యాగ్నెటిక్స్, రైటెక్ అంటే అదే దేశానికి చెందిన మరో సంస్థ.

ఇక్కడ కాలం తెచ్చిన మార్పులను కూడా గమనించాలి. నాణ్యతకు పేరుపొందిన తైయో యుడెన్ 2015 చివరితో డిస్కుల వ్యాపారాన్ని వదిలేసింది. మన దేశంలో ఎక్కువగా అమ్ముడుపోయిన మోజర్ బేర్ దివాలా ప్రక్రియలో పడి 2018లో లిక్విడేషన్‌కు వెళ్ళింది. మిత్సుబిషి కెమికల్ తన వెర్బాటిమ్ బ్రాండు డిస్కుల వ్యాపారాన్ని 2019లో సీఎంసీకి అమ్మివేసింది. పానాసోనిక్ 2023 ఫిబ్రవరిలోనూ, సోనీ 2025 ఫిబ్రవరిలోనూ రికార్డబుల్ బ్లూ-రే డిస్కుల తయారీని ఆపివేశాయి. కాబట్టి పదేళ్ళ క్రితం రాసిన సలహాల్లో కనిపించే "ఫలానా బ్రాండు కొనండి" అన్న మాటను నేటి సరుకుకు అలాగే వర్తింపజేయడం కుదరదు. పాత సరుకు ఎక్కడో దొరికిందని సంబరపడి కొనడం కూడా మంచిది కాదు, ఎందుకంటే రాయని డిస్కులోని రంగుపొర (లేజర్ గుర్తులు వేసే పొర) కూడా ఏళ్ళు గడిచేకొద్దీ బలహీనపడుతూనే ఉంటుంది.

మీకు చూపించిన పేరులేని డీవీడీల విషయంలో నా అభిప్రాయం సూటిగా చెబుతాను. పాటలు రాసి కారులో వినడానికి అవి పనికివస్తాయి, దస్తావేజులకు పనికిరావు.

సీమ_వాసి (అనంతపురం):

నాదొక చిన్న మనవి. ఏ డిస్కు కొన్నా, దాన్ని పై అంతస్తులో స్లాబుకు దగ్గరగా, బీరువా నెత్తిన మాత్రం పెట్టవద్దు. మా వైపు మే నెలలో స్లాబు కింద గది రాత్రి పది గంటలకు కూడా చల్లారదు. అమెరికా ప్రమాణాల సంస్థ నిస్ట్ 2003లో ప్రచురించిన సూచనల ప్రకారం డిస్కులను 4 నుంచి 20 డిగ్రీల మధ్య, గాలిలో తేమ 20 నుంచి 50 శాతం మధ్య ఉన్నచోట నిలబెట్టి ఉంచాలి. మన ఇళ్ళలో ఏడాది పొడవునా ఆ లెక్క సాధ్యం కాదు, కానీ కింది అంతస్తులో, లోపలి గోడకు ఆనించిన చెక్క అల్మారాలో కింది అరను వాడితే చాలా వరకు మేలు. ఎండ పడే కిటికీ పక్కన రాసిన డిస్కును వదిలేయడం అన్నిటికంటే ప్రమాదం, ఎందుకంటే రంగుపొరకు వెలుతురే మొదటి శత్రువు.

ఎడిసన్_తెలుగు (న్యూజెర్సీ):

కృష్ణాతీరం గారూ, ఎం-డిస్క్ గురించి నాకు తెలిసింది చెబుతాను. యూటా రాష్ట్రంలో మొదలైన మిలీనియాటా అనే సంస్థ దీన్ని తయారు చేసింది. మామూలు డీవీడీలో సేంద్రియ రంగుపొర ఉంటుంది, లేజర్ ఆ రంగును మాడ్చి గుర్తులు వేస్తుంది. ఎం-డిస్క్ డీవీడీలో రంగుకు బదులు రాయిని పోలిన అసేంద్రియ పదార్థం వాడారు, వెయ్యేళ్ళు నిలుస్తుందని ప్రకటించారు. ఆ సంస్థ 2016లో దివాలా తీసింది, పేరు మాత్రం లైసెన్సు మీద కొనసాగుతోంది. ఎం-డిస్క్ డీవీడీ రాయాలంటే దానికి తగిన ప్రత్యేక రైటర్ కావాలి. ఎం-డిస్క్ బ్లూ-రేను మాత్రం దాదాపు అన్ని బ్లూ-రే రైటర్లూ రాస్తాయి.

డీవీడీకీ, బ్లూ-రేకూ ఉన్న ముఖ్యమైన తేడా ఇక్కడే ఉంది. సాధారణ బ్లూ-రే డిస్కుల్లో ఎక్కువ భాగం మొదటి నుంచీ అసేంద్రియ పొరతోనే తయారవుతున్నాయి. వాటిని హెచ్‌టీఎల్ రకం అంటారు. డీవీడీ ఫ్యాక్టరీల యంత్రాలనే వాడుకుని ఖర్చు తగ్గించాలన్న ఉద్దేశంతో సేంద్రియ రంగుతో చేసిన రెండో రకం ఎల్‌టీహెచ్. ఈ రెండో రకం డబ్బా మీద ఎల్‌టీహెచ్ అన్న మూడక్షరాలు సాధారణంగా ఒక మూల చిన్నగా రాసి ఉంటాయి, వాటిని వెతికి చూసి మరీ తిరస్కరించాలి. డబ్బు పొదుపు చేయాలనుకునేవారికి నా సలహా ఏమిటంటే, హెచ్‌టీఎల్ రకం 25 జీబీ డిస్కును రెండు నకళ్ళుగా రాసుకోవడం, ఎం-డిస్క్‌ను ఒకే నకలుగా రాసుకోవడం కంటే మేలైన పని.

కృష్ణాతీరం (విజయవాడ):

అందరికీ ధన్యవాదాలు. మరొక సందేహం. 50 జీబీ, 100 జీబీ డిస్కులు కూడా ఉన్నాయి కదా, 150 జీబీకి రెండు డిస్కులతో పని అయిపోతుంది. అలా వెళ్ళడం తెలివైన పనేనా? డీవీడీ డ్యూయల్ లేయర్ (రెండు పొరల) 8.5 జీబీ రకం గురించి కూడా చెప్పగలరు.

గ్రంథాలయ_సేవకుడు (హైదరాబాద్):

వద్దు. ఎక్కువ జీబీ పట్టే ఈ డిస్కుల్లో సమాచారం రాసే పొరలు ఒకటి కంటే ఎక్కువ ఉంటాయి. పొరలు పెరిగేకొద్దీ కింది పొరను చేరడానికి లేజర్ పై పొరలోంచి దూసుకుపోవాలి, వెనక్కు వచ్చే వెలుతురు తగ్గుతుంది, రాతలో పొరపాటుకు తావు పెరుగుతుంది. పైగా ఒక డిస్కు పాడైతే 100 జీబీ ఒకేసారి పోతుంది. కెనడా ప్రభుత్వ పరిరక్షణ సంస్థ ప్రచురించిన ఆయుర్దాయ పట్టికలో డీవీడీ డ్యూయల్ లేయర్‌కు ఇచ్చిన అంచనా 5 నుంచి 10 ఏళ్ళు మాత్రమే.

ఆ పట్టిక ప్రస్తావన వచ్చింది కాబట్టి, ఎడిసన్_తెలుగు గారు బ్లూ-రేకు ఇచ్చినంత భరోసాను అది ఇవ్వడం లేదని కూడా ఇక్కడ చెప్పాలి. అందులో అన్నిటికంటే పైన ఉన్నది బంగారు పొర, థాలోసయనిన్ అనే రంగు కలిగిన సీడీ-ఆర్ (ఒకసారి రాయగల సీడీ), దానికి వందేళ్ళకు పైగా వేశారు. వెండి మిశ్రమం పొర ఉన్న డీవీడీ ప్లస్ ఆర్‌కు 20 నుంచి 50 ఏళ్ళు, డీవీడీ మైనస్ ఆర్‌కు 10 నుంచి 20 ఏళ్ళు అని ఉంది (ఒకసారి రాయగల డీవీడీల్లో ఇవి రెండు రకాలు). సాధారణ బ్లూ-రే రికార్డబుల్‌కు మాత్రం, రంగు ఉన్నా లేకున్నా, 5 నుంచి 10 ఏళ్ళే ఇచ్చారు.

ఎడిసన్_తెలుగు (న్యూజెర్సీ):

ఆ పట్టికను నేనూ చూశాను, దాన్ని తేలిగ్గా తీసుకోవాలని అనను. అయితే బ్లూ-రేకు దక్కిన ఆ తక్కువ అంకెతో నేను పూర్తిగా ఏకీభవించలేను. హెచ్‌టీఎల్ పొర వెలుతురుకు రంగుపొర లాగా వెలిసిపోదు, అది భౌతికమైన వాస్తవం. మరోవైపు, బ్లూ-రేలో సమాచారం ఉన్న పొర మీద కేవలం 0.1 మిల్లీమీటరు మందం ఉన్న కవచమే ఉంటుంది. డీవీడీలో అదే పొర 0.6 మిల్లీమీటర్ల రెండు పలకల మధ్య భద్రంగా ఇమిడి ఉంటుంది. గట్టి పూత వేసినా, ఒక లోతైన గీత బ్లూ-రేకు చేసే నష్టం ఎక్కువే. నేను చెప్పగలిగిందల్లా, వెలుతురు, రంగు విషయంలో బ్లూ-రే మెరుగు, పైపొర విషయంలో డీవీడీ మెరుగు.

గ్రంథాలయ_సేవకుడు (హైదరాబాద్):

అందుకే ఒకే రకం మీద ఆధారపడటం నాకు నచ్చదు. దస్తావేజుల స్కాన్లు ఎంత పెద్దవైనా కొన్ని జీబీలే ఉంటాయి, అవి ఒక డీవీడీలో సరిపోతాయి. కాబట్టి వాటిని ఎంసీసీ కోడ్ ఉన్న డీవీడీ ప్లస్ ఆర్ మీద ఒకసారి, హెచ్‌టీఎల్ బ్లూ-రే మీద మరొకసారి రాయండి. పెద్దవైన ఫోటోలు, వీడియోలు బ్లూ-రే మీద ఉంటాయి. రెండు నకళ్ళకూ వాడే బ్లూ-రే డిస్కులు వేర్వేరు తయారీదారులవైతే ఇంకా మంచిది, అది కుదరకపోతే కనీసం వేర్వేరు సమయాల్లో కొన్న డబ్బాల నుంచి తీసుకోండి. ఒకే రోజు ఒకే యంత్రం మీద తయారైన డిస్కులన్నిటికీ ఒకే లోపం ఉండే అవకాశం ఉంది, ఆ లోపం రెండు నకళ్ళనూ ఒకేసారి దెబ్బతీస్తుంది. ఎంసీసీ కోడ్ ఉన్నంత మాత్రాన నేడు అది పాత ఫ్యాక్టరీలోనే తయారైందని అనుకోకూడదు, కోడ్ వడపోతకు మాత్రమే ఉపయోగపడుతుంది, తుది తీర్పు డిస్కును రాసి పరీక్షించిన తరువాతే వస్తుంది.

పెంగ్విన్_మిత్రుడు (వరంగల్):

పరీక్ష మాట వచ్చింది కాబట్టి రాసే పద్ధతి గురించి నేను వివరిస్తాను. డిస్కు ఎంత మంచిదైనా రాత సరిగా లేకపోతే ఏళ్ళ లెక్కలన్నీ వృథా, అయినా ఈ విషయం మీద చర్చ తక్కువగానే జరుగుతుంది.

మొదట ఫైళ్ళన్నిటినీ ఒక ఫోల్డర్‌లో చేర్చి, ప్రతి ఫైలుకూ షా-256 చెక్‌సమ్ (ఫైలులోని సమాచారం నుంచి లెక్కకట్టే, వేలిముద్ర లాంటి సంఖ్య) తీసి, ఆ జాబితాను ఒక టెక్స్ట్ ఫైలుగా అదే ఫోల్డర్‌లో పెట్టండి. ఎన్ని ఏళ్ళ తరువాతైనా ఒక్క అక్షరం మారినా ఆ జాబితా పట్టిస్తుంది. ఫైళ్ళ పేర్లలో తెలుగు అక్షరాలు ఉంటే యూడీఎఫ్ అనే అమరిక పద్ధతిలో ఐఎస్ఓ ఇమేజ్ (డిస్కులోకి వెళ్ళేదంతా ఒకే ఫైలుగా చేసినది) తయారు చేయండి, 4 జీబీని మించిన వీడియో ఫైళ్ళు ఉన్నా ఇదే పద్ధతి సరిపోతుంది.

తరువాత డీవీడిజాస్టర్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్. ఇది ఐఎస్ఓ ఇమేజ్ చివర సవరణ సమాచారాన్ని చేరుస్తుంది. డిస్కులో కొన్ని సెక్టార్లు (సమాచారం ఉండే చిన్న భాగాలు) చదవడానికి మొండికేస్తే, మిగిలిన వాటి సహాయంతో పోయిన వాటిని తిరిగి లెక్కకట్టి ఇస్తుంది. ఇందులో ఆర్ఎస్02, ఆర్ఎస్03 అనే పద్ధతులను ఎంచుకుంటే, రాసిన డిస్కు ఏ కంప్యూటర్‌లోనైనా మామూలు డిస్కులాగే తెరుచుకుంటుంది, చదివేవారికి ఆ సాఫ్ట్‌వేర్ అవసరం లేదు. డిస్కులో ఐదో వంతు దీనికి వదిలేయమని నా సలహా. ఆ లెక్కన 25 జీబీ డిస్కులో 20 జీబీ, 4.7 జీబీ డీవీడీలో 3.76 జీబీ మన ఫైళ్ళకు మిగులుతాయి. మీ 150 జీబీకి ఒక నకలుకు బ్లూ-రే అయితే 8 డిస్కులు, డీవీడీ అయితే 40 డిస్కులు పడతాయి. ఆ ఒక్క లెక్కతోనే ఫోటోలకు డీవీడీ ఎందుకు భారమో అర్థమవుతుంది.

రాసేటప్పుడు 16 ఎక్స్ అని ఉన్న డీవీడీని 8 ఎక్స్ వేగంతో, బ్లూ-రేను 4 ఎక్స్ వేగంతో రాయండి. మరీ నెమ్మదిగా 1 ఎక్స్‌లో రాస్తే మేలని చాలామంది నమ్ముతారు, నేటి డిస్కులకూ డ్రైవ్‌లకూ అది నిజం కాదు, అవి మధ్యస్థ వేగాలకే సర్దుబాటై ఉంటాయి. ఒకే విడతలో రాసి, ఫైనలైజ్ చేసి మూసేయండి. మిగిలిన చోటులో తరువాత చేర్చుదామని తెరిచి ఉంచవద్దు. రాత పూర్తయ్యాక వేరొక డ్రైవ్‌లో, అవసరమైతే స్నేహితుల కంప్యూటర్‌లోనైనా పెట్టి, చెక్‌సమ్ జాబితాతో పోల్చి చూడండి. రాసిన డ్రైవ్ తన సొంత రాతను ఎలాగోలా చదివేస్తుంది, వేరే డ్రైవ్ చదివితేనే నమ్మకం.

సాగర_స్టూడియో (విశాఖపట్నం):

నేను పెళ్ళిళ్ళకు వీడియోలు తీసే వృత్తిలో ఉన్నాను. పాత ఆల్బమ్‌లతో పాటు ఇచ్చిన డీవీడీలను తిరిగి చదివి పెట్టమని జనం తెస్తూ ఉంటారు. వాటిలో ఎక్కువగా కనిపించే జబ్బులు మూడు. మొదటిది కాగితపు స్టిక్కరు. వధూవరుల ఫోటో ముద్రించి డిస్కు నిండా అతికించిన ఆ స్టిక్కరు తేమకు ఒకవైపు ఉబ్బి, డిస్కును వంచుతుంది, దాని జిగురు అంచుల దగ్గర పసుపురంగుకు తిరిగి లోపలికి పాకుతుంది. అటువంటి డిస్కు డ్రైవ్‌లో తిరిగేటప్పుడు మొదటి కొన్ని నిమిషాల వీడియో బాగానే వచ్చి, అంచుకు చేరేసరికి బొమ్మ గళ్ళు గళ్ళుగా విడిపోయి ఆగిపోతుంది, ఎందుకంటే డిస్కు లోపలి నుంచి బయటికి చదువుతుంది, వంపు బయటి అంచులోనే ఎక్కువ. స్టిక్కరును పీకే ప్రయత్నం మాత్రం చేయవద్దు, సీడీ అయితే దానితోపాటు మెరుపు పొర కూడా లేచి వస్తుంది.

రెండోది పెన్ను. డిస్కు మీద రాయాలంటే నీటితో చేసిన సిరా ఉన్న మెత్తని మార్కరు వాడాలి, మధ్య రంధ్రం చుట్టూ ఉన్న పారదర్శకమైన వలయంలో మాత్రమే రాయాలి.

మూడోది మా సముద్రతీరపు తేమ. ప్లాస్టిక్ కవర్ల ఆల్బమ్‌లో దాచిన డిస్కుల మీద తెల్లటి బూజు పాము మెలికల్లా పాకడం నేను చాలాసార్లు చూశాను. 2001లో బెలీజ్ దేశం నుంచి వచ్చిన ఒక సీడీలో పొరలను తినేసిన జియోట్రికమ్ అనే శిలీంధ్రాన్ని స్పెయిన్ శాస్త్రజ్ఞులు గుర్తించారు, కాబట్టి వేడీ తేమా కలిసిన చోట దీన్ని చిన్న విషయంగా కొట్టివేయలేం. ఒక్కో డిస్కుకు ఒక్కో గట్టి కేసు, కేసులన్నిటినీ గాలి చొరబడని డబ్బాలో సిలికా జెల్ పొట్లాలతో కలిపి పెట్టడం, వానాకాలం ముగిశాక ఆ పొట్లాలను మార్చడం, ఇదే నేను పాటించే పద్ధతి. రబ్బరు బ్యాండ్లు, చవక అట్టపెట్టెలు అసలు వద్దు. వాటిలోని గంధకం వెండి పొరను నల్లబరుస్తుంది. 1988 నుంచి 1993 మధ్య ఇంగ్లాండులోని బ్లాక్‌బర్న్ ఫ్యాక్టరీలో తయారైన ఎన్నో పాటల సీడీలు కవర్ కాగితంలోని గంధకం వల్లే గోధుమరంగుకు తిరిగి పాడైపోయాయి.

రెండు_డ్రైవులు (బెంగళూరు):

ఇంత శ్రమ అవసరమా అన్నది నా ప్రశ్న. 2 టీబీ హార్డ్‌డిస్కు ఒకటి 80 బ్లూ-రే డిస్కులతో సమానం. రెండు హార్డ్‌డిస్కులు కొని, ఒకటి ఊళ్ళో బంధువుల ఇంట్లో ఉంచి, నాలుగైదేళ్ళకు ఒకసారి కొత్తవాటిలోకి మార్చుకుంటే సరిపోతుంది. పైగా సోనీ వంటి సంస్థలే తప్పుకుంటున్న రంగంలో కొత్తగా ప్రవేశించడం దూరదృష్టి అనిపించదు.

పెంగ్విన్_మిత్రుడు (వరంగల్):

మీ పద్ధతి మంచిదే, కృష్ణాతీరం గారు కూడా హార్డ్‌డిస్కును వదిలేస్తానని అనలేదు. డిస్కు ఇచ్చే రక్షణ వేరే రకమైనది. ఒకసారి రాసి మూసేసిన డిస్కులోని ఫైలును వైరస్ గానీ, డబ్బు కోసం ఫైళ్ళకు తాళం వేసే రాన్సమ్‌వేర్ గానీ, పొరపాటున నొక్కిన డిలీట్ గానీ మార్చలేవు. పిడుగుపాటుకు ఇంట్లో విద్యుత్ పరికరాలన్నీ ఒక్కసారి కాలిపోయినా అల్మారాలోని డిస్కుకు ఏమీ కాదు. హార్డ్‌డిస్కు కింద పడితే మొత్తం పోతుంది, ఎనిమిది డిస్కుల్లో ఒకటి పాడైతే ఎనిమిదో వంతే పోతుంది. పెన్‌డ్రైవ్‌లు, ఎస్ఎస్‌డీలు మాత్రం ఈ పనికి వద్దని నేను గట్టిగా చెబుతాను, ఎందుకంటే కరెంటు అందకుండా ఏళ్ళ తరబడి పక్కన పెడితే వాటిలోని విద్యుదావేశం నెమ్మదిగా తగ్గిపోతుంది.

తయారీ సంస్థలు తప్పుకుంటున్న మాట మాత్రం నిజం, దాన్ని కాదనలేను. అందువల్ల రేపు దొరకకపోయే వస్తువు డిస్కు కాదు, డ్రైవ్. పాతికేళ్ళ లక్ష్యం ఉన్నవారు డ్రైవ్ గురించి ఇప్పుడే ఆలోచించాలి.

కృష్ణాతీరం (విజయవాడ):

అందరి సూచనలనూ చదివి ఒక నిర్ణయానికి వచ్చాను. దస్తావేజులకు డీవీడీ ప్లస్ ఆర్, దానితోపాటు మొత్తం 150 జీబీకి హెచ్‌టీఎల్ బ్లూ-రే 25 జీబీ డిస్కులు రెండు జతలు, అంటే 16 డిస్కులు, రెండు వేర్వేరు తయారీదారుల నుంచి తీసుకుంటాను. ఒక జత మా ఇంట్లోనూ, మరొక జత గుంటూరులో మా చెల్లెలి ఇంట్లోనూ ఉంటాయి. మిగిలిన 450 జీబీ హార్డ్‌డిస్కుల్లోనే ఉంటుంది, దానికి రెండు_డ్రైవులు గారి పద్ధతిని పాటిస్తాను. డ్రైవ్ విషయంలో చివరి సలహా కావాలి. యూఎస్‌బీతో నడిచే పలుచని ఎక్స్‌టర్నల్ బ్లూ-రే రైటర్ చాలా, లేక డెస్క్‌టాప్‌లో బిగించే పెద్దది కావాలా? డిస్కు పాడవడం మొదలైందని ముందే ఎలా తెలుస్తుంది?

పెంగ్విన్_మిత్రుడు (వరంగల్):

రాయడానికి డెస్క్‌టాప్‌లో బిగించే పెద్ద రైటర్ మంచిది. పలుచని వాటికి ఒక్క యూఎస్‌బీ పోర్టు ఇచ్చే విద్యుత్తు బ్లూ-రే రాతకు కొన్నిసార్లు చాలదు, రాత మధ్యలో ఆగితే ఆ డిస్కు వృథా. మీకు డెస్క్‌టాప్ లేకపోతే, సొంత పవర్ అడాప్టర్ ఉన్న సాటా-యూఎస్‌బీ పెట్టెలో పెద్ద రైటర్‌ను బిగించి లాప్‌టాప్‌కు తగిలించవచ్చు. పలుచని దాన్ని రెండో డ్రైవ్‌గా, చదివి పోల్చి చూడటానికి ఉంచుకోండి.

పాడవడం ముందే తెలుసుకోవడానికి డీవీడీల విషయంలో మంచి మార్గం ఉంది. డిస్కు చదివేటప్పుడు డ్రైవ్ తనంతట తాను సరిదిద్దుకునే లోపాల సంఖ్యను నీరో డిస్క్‌స్పీడ్, లినక్స్‌లో క్యూపీఎక్స్ టూల్ వంటి సాఫ్ట్‌వేర్ గీతల పటంగా చూపిస్తాయి. డీవీడీ ప్రమాణం ప్రకారం పీఐ లోపాలు (డ్రైవ్ సరిదిద్దే చిన్న లోపాలు) 280 దాటకూడదు, పీఐ వైఫల్యాలు (మొదటి విడతలో సరిదిద్దలేకపోయినవి) 4 దాటకూడదు. మంచి రాత ఉన్న డిస్కులో ఇవి చాలా తక్కువగా ఉంటాయి. లైట్-ఆన్ డ్రైవ్‌లు ఈ లెక్కను చూపిస్తాయి, ఎల్‌జీ డ్రైవ్‌లు చూపించవు, కాబట్టి వాడిన లైట్-ఆన్ డీవీడీ రైటర్ ఒకటి పాత కంప్యూటర్ల దుకాణంలో దొరికితే తీసుకోండి. రాసిన రోజున వచ్చిన పటాన్ని దాచుకుని, ఏటా ఒకసారి మళ్ళీ తీసి పోల్చండి. బయటి అంచు వైపు గీతలు ఎత్తు పెరుగుతూ ఉంటే, ఫైళ్ళు ఇంకా తెరుచుకుంటున్నా సరే, ఆ డిస్కును కొత్తదాని మీదికి మార్చే సమయం వచ్చిందని అర్థం. ఆ పరీక్ష కుదరని బ్లూ-రేలకు డీవీడిజాస్టర్‌లోని స్కాన్ చాలు. చదివే వేగం ఒకచోట హఠాత్తుగా పడిపోతే అక్కడ డ్రైవ్ కష్టపడుతోందన్నమాట.

సాగర_స్టూడియో (విశాఖపట్నం):

ఏసీ గదిలోంచి డిస్కుల డబ్బాను బయటి తేమలోకి తెచ్చిన వెంటనే మూత తీయకండి, డిస్కుల మీద నీటి ఆవిరి పేరుకుంటుంది. డబ్బా బయటి వేడికి అలవాటు పడేదాకా గంటసేపు మూసి ఉంచి, ఆ తరువాత తెరవండి. మీ చెల్లెలి గారికి కూడా ఈ సంగతి చెప్పి, డబ్బా లోపల చెక్‌సమ్ పరీక్ష ఎలా చేయాలో తెలుగులో రాసిన కాగితం ఒకటి కవర్‌లో పెట్టి పంపండి.